పరాన్నజీవి ఈగలను ఉచ్చులో పట్టడం ఎలా: వాతావరణాన్నీ పూటనూ లెక్కలోకి తీసుకునే పద్ధతి

ఒకే చోట, ఒకే ఉచ్చును వరుసగా రెండు రోజులు పెట్టారనుకోండి. మొదటి రోజు 40 ఈగలు పడి, రెండో రోజు 4 మాత్రమే పడితే, ఒక్క రాత్రిలో అక్కడి ఈగలు పదో వంతుకు తగ్గిపోయాయని మీరు నమ్మరు. బహుశా ఈగలన్నీ అక్కడే ఉండి, మబ్బు పట్టినందువల్లో గాలి చల్లబడినందువల్లో ఆకుల చాటున కదలకుండా కూర్చుని ఉంటాయి. ఉచ్చు తన దాకా ఎగిరి వచ్చినవాటినే పడుతుంది కనుక, ఉచ్చుకు అమర్చిన సీసాలోని సంఖ్యలో రెండు విషయాలు కలిసిపోయి ఉంటాయి: ఆ చోట ఎన్ని ఈగలున్నాయి, ఆ పూట అవి ఎంతగా తిరిగాయి. మొదటిది తెలుసుకోవాలంటే రెండోదాన్ని అదుపులో పెట్టాలి, లేదా కనీసం దాన్ని రాసి పెట్టుకోవాలి. కింద చెప్పే పద్ధతి అంతా ఈ ఒక్క పని కోసమే.

పరాన్నజీవి ఈగలు అని ఇక్కడ అంటున్నది, పిల్లదశలో మరో పురుగు శరీరంలో పెరిగి చివరికి దాన్ని చంపే ఈగలను. వీటిలో పెద్ద కుటుంబం టాకినిడే. ఇప్పటివరకు 8,500కు పైగా జాతులను శాస్త్రవేత్తలు వర్ణించారు. వీటిలో ఎక్కువ భాగం గొంగళిపురుగులను ఆశ్రయిస్తాయి, కొన్ని పెంకుపురుగులను, మొక్కల మీది కంపు నల్లులను, మిడతలను ఎంచుకుంటాయి. పట్టుపురుగుల పెంపకందారులకు బాగా తెలిసిన ఊజి ఈగ కూడా ఈ కుటుంబానిదే. పెద్ద ఈగలు మాత్రం పూల తేనెను, పేనుబంక వంటి రసం పీల్చే పురుగులు విసర్జించే తీపి జిగురును తాగి బతుకుతాయి. వాటిని పట్టే చాలా ఉపాయాలు ఈ ఆకలి మీదనే ఆధారపడి ఉన్నాయి.

ముందుగా నమోదు పట్టిక సిద్ధం చేసుకోండి

ఉచ్చు కట్టడానికి ముందే నోటుపుస్తకంలో గడులు గీసుకోండి. ప్రతి పరిశీలనకూ గంట, నీడలో గాలి ఉష్ణోగ్రత, ఆకాశంలో మబ్బు ఎంత, గాలి ఎంత, ఆకులు తడిగా ఉన్నాయా పొడిగా ఉన్నాయా, ఉచ్చు మీద ఎండ పడుతున్నదా అనే ఆరు విషయాలు రాయాలి. థర్మామీటరును ఉచ్చు ఎత్తులో, నేలకు తగలకుండా, నేరుగా ఎండ పడని చోట వేలాడదీయండి. ఎండలో పెట్టిన థర్మామీటరు గాలి వేడికి బదులు తన సొంత వేడిని చూపిస్తుంది. మబ్బును ఆకాశాన్ని ఎనిమిది భాగాలుగా ఊహించుకుని, అందులో ఎన్ని భాగాలు కప్పి ఉన్నాయో లెక్కించి రాయడం వాతావరణ కేంద్రాల పద్ధతి, అది మనకూ సరిపోతుంది.

గంట విషయంలో ఒక జాగ్రత్త అవసరం. గడియారం చూపే పన్నెండు, సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళ ఒకటి కావు. ఒకే కాలమానం పాటించే ప్రాంతంలో తూర్పు కొసకూ పడమటి కొసకూ గంటకు పైగా తేడా రావచ్చు, ఋతువును బట్టి కూడా అది మారుతుంది. ఈగ గడియారాన్ని ఎరగదు. అందువల్ల గడియారపు వేళతో పాటు సూర్యోదయం తరువాత ఎంతసేపటికి చూశారో కూడా రాయండి. వేర్వేరు నెలల్లో పట్టినవాటిని పోల్చేటప్పుడు ఈ రెండో గడి లేకపోతే మొదటిదానితో ప్రయోజనం తక్కువ.

వేడిని, ఎండను చూసి రోజును ఎంచుకోండి

ఈగ తన శరీరపు వేడిని ఎక్కువగా పరిసరాల నుంచే తెచ్చుకుంటుంది. రెక్కలను ఆడించే ఛాతీ కండరాలు తగినంత వెచ్చబడితే తప్ప అది ఎగరలేదు. ఇక్కడ గాలి వేడి ఒక్కటే చూస్తే పొరపాటు పడతాం. ఎండ తగిలే ఆకు మీద కూర్చున్న నల్లని ఈగ శరీరం, చుట్టూ ఉన్న గాలికంటే అనేక డిగ్రీలు ఎక్కువ వేడెక్కగలదు. ఒడ్డూ పొడవూ ఉన్న ఈగ ఆ వేడిని కొంతసేపు నిలుపుకుంటుంది. చిన్న ఈగ ఎంత త్వరగా వెచ్చబడుతుందో అంత త్వరగా చల్లబడుతుంది కాబట్టి, దాని శరీరం గాలి వేడికి దగ్గరగానే ఉంటుంది. చల్లని ఉదయం ఎండపొడలో పెద్ద ఈగలు పడుతూ, చిన్నవి అసలు పడకపోవడానికి ఇదొక కారణం. ఆ రోజు సీసాను చూసి అక్కడ చిన్న జాతులు లేవని తేల్చకండి.

చల్లని ప్రాంతాలలో పని చేసేవారికి ఒక కొలబద్ద ఉపయోగపడుతుంది. బ్రిటన్‌లో నిర్ణీత బాటల వెంట నడుస్తూ సీతాకోకచిలుకలను లెక్కించేవారు 13 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లగా ఉన్నప్పుడు లెక్క మొదలుపెట్టరు. 13 నుంచి 17 డిగ్రీల మధ్య బాట మీద కనీసం 60 శాతం ఎండ ఉండాలని, 17 దాటితే మబ్బు ఉన్నా పరవాలేదని వారి నియమం. ఈగలు సీతాకోకచిలుకలు కావు, అయినా ఎండా వేడీ ఒకదాని లోటును మరొకటి పూరిస్తాయన్న ఆ ఆలోచన పగటి ఈగలకూ సరిగ్గా వర్తిస్తుంది. మీ ప్రాంతానికి తగిన హద్దును మొదటి పది పన్నెండు రోజుల నమోదును బట్టి మీరే నిర్ణయించుకుని, ఆ తరువాత దానికి కట్టుబడి ఉండండి.

వేడి ప్రాంతాలలో సమస్య ఎదురు తిరుగుతుంది. గాలి బాగా వేడెక్కి, తేమ లేకుండా ఎండిపోయినప్పుడు ఈగ ఎగరడానికి శక్తి ఉన్నా ఎగరదు. నీరు కోల్పోయే ప్రమాదం వల్ల నీడలో, పొదల అడుగుభాగాన, ఆకుల కిందివైపున నిలిచిపోతుంది. ఆ వేళ ఎండలో నిలిపిన ఉచ్చు ఖాళీగా ఉంటుంది, పొదల అంచున నీడలో ఉన్న ఉచ్చుకు కొద్దో గొప్పో దొరుకుతాయి. కాబట్టి వేడి కాలంలో ఉచ్చును చెట్ల నీడ వచ్చి పోయే అంచున కట్టడం మేలు.

రోజును పూటలుగా విభజించండి

ఇంతకుముందు చెప్పిన వేడి సూత్రం నుంచే పూటల తేడా పుడుతుంది. చల్లని రోజున ఈగల కదలిక నెమ్మదిగా పెరిగి, మధ్యాహ్నానికి తారస్థాయికి చేరి, సాయంత్రానికి తగ్గిపోతుంది. కాగితం మీద గీస్తే ఒకే గుట్టలా కనిపిస్తుంది. వేడి రోజున నడుమ పల్లం పడి రెండు గుట్టలవుతాయి: పొద్దెక్కుతున్నప్పుడు ఒకటి, ఎండ వాలిన తరువాత మరొకటి. ఒకే జాతి ఈగ ఒక నెలలో మధ్యాహ్నపు ఈగగా, మరో నెలలో ఉదయపు ఈగగా కనిపించడం ఇందువల్లనే. ఈ జాతి ఫలానా గంటకే తిరుగుతుందని ఒక్క నెల చూసి రాసుకోవడం తొందరపాటు.

అయితే పూటను పంచుకోవడం వేడితోనే ముగియదు. నిప్పు చీమల తలలలో పెరిగే సూడాక్టియాన్ ప్రజాతి చిన్న ఈగలు దీనికి మంచి ఉదాహరణ. దక్షిణ అమెరికాకు చెందిన ఈ ఈగలను అమెరికా సంయుక్త రాష్ట్రాలలో నిప్పు చీమల అదుపు కోసం 1990ల చివరినుంచి వదిలారు. వీటిలో ట్రైకస్పిస్ అనే జాతి పగటి నడిమి గంటలలో చురుకుగా ఉంటే, లిటొరాలిస్ అనే జాతి ఉదయం పెందలాడే, మళ్లీ పొద్దు వాలాక ఎక్కువగా తిరుగుతుంది. చీమల పుట్టను కదిపి, పైకి వచ్చిన చీమల చుట్టూ ఎగిరే ఈగలను గమనించే పరిశీలకుడు మధ్యాహ్నం ఒక్కసారే వెళితే, రెండో జాతి అక్కడ లేనేలేదని రాసుకుని వచ్చేస్తాడు. అది నిజాయితీగా చేసిన తప్పే కావచ్చు, కాని నమోదులోకి ఎక్కిన తరువాత ఎంతోకాలం నిలిచిపోతుంది.

ఆచరణలో ఇలా చేయండి. సూర్యోదయం నుంచి అస్తమయం దాకా ఉన్న పగటిని రెండేసి గంటల ముక్కలుగా విభజించి, ప్రతి ముక్క చివర సీసా మార్చండి. అంత ఓపిక లేదా సమయం లేకపోతే ఉదయం, నడిమధ్యాహ్నం, సాయంత్రం అని మూడు ముక్కలైనా తప్పనిసరి. తీసిన ప్రతి సీసాలో పెన్సిలుతో రాసిన చీటీని వేయండి. బాల్ పెన్ను సిరా సీసాలోని ఆల్కహాలులో కరిగిపోతుంది.

కొండకొనలు, ఎత్తైన దిబ్బలు దగ్గరలో ఉంటే వాటిని విడిచిపెట్టకండి. అనేక టాకినిడ్ జాతుల మగ ఈగలు ఎత్తైన చోట్లకు చేరి, రాళ్ల మీదా కొమ్మల చివర్ల మీదా కూర్చుని ఆడ ఈగల కోసం కాచుకుంటాయి. ఎండ కాచే ప్రశాంతమైన రోజున, ముఖ్యంగా పొద్దెక్కే వేళ, ఆ నాలుగడుగుల నేల మీదనే చుట్టుపక్కల ఎక్కడా దొరకని జాతులు కనిపిస్తాయి. గాలి పెరిగితే అవి కొన నుంచి గాలి తగలని వాలుకు దిగుతాయి, మీరూ దిగాలి. అక్కడ పట్టినవన్నీ దాదాపుగా మగవే ఉంటాయని గుర్తుంచుకుని, ఆ సంఖ్యలను మైదానంలోని ఉచ్చు సంఖ్యలతో కలపకుండా వేరుగా రాయండి.

గాలిని చూసి ఉచ్చును నిలబెట్టండి

ఎగిరే ఈగలకు అన్నిటికంటే నమ్మకమైన సాధనం మలేజ్ ఉచ్చు. స్వీడన్‌కు చెందిన కీటక శాస్త్రవేత్త రెనె మలేజ్, గుడారంలోకి వచ్చిన పురుగులు పైమూలకు చేరి అక్కడి చిల్లు గుండా బయటపడుతుండడం గమనించి దీన్ని రూపొందించి, 1937లో వివరాలు ప్రచురించారు. నిలువుగా కట్టిన సన్నని వలగోడకు తగిలిన ఈగ వెలుగు వైపు, పైకి పాకుతుంది. వాలుకప్పు దాన్ని అత్యున్నతమైన మూలలోని సీసాలోకి నడిపిస్తుంది. కాబట్టి సీసా ఉన్న మూల ఎక్కువ వెలుగు వచ్చే దిక్కుకు ఉండాలి: ఉత్తరార్ధగోళంలో దక్షిణానికి, దక్షిణార్ధగోళంలో ఉత్తరానికి. అడవి అంచు, డొంక, వాగు ఒడ్డు వంటి చోట్ల ఈగలు అంచు వెంబడి ఎగురుతాయి, అందువల్ల వలగోడ ఆ దారికి అడ్డంగా ఉండాలి.

గాలిని కొలిచే పరికరం లేకపోయినా బ్యూఫోర్టు కొలమానం చాలు. ముఖానికి గాలి తగులుతూ ఆకులు గలగలలాడితే 2, ఆకులూ సన్నని రెమ్మలూ ఎడతెగకుండా కదులుతుంటే 3, దుమ్మూ చిత్తు కాగితాలూ లేచి చిన్న కొమ్మలు ఊగుతుంటే 4. 3 అంటే గంటకు 12 నుంచి 19 కిలోమీటర్ల గాలి, 4 అంటే 20 నుంచి 28 కిలోమీటర్లు. నా సలహా ఏమిటంటే, 3 దాకా ధైర్యంగా పని చేయండి, 4 వచ్చిందంటే ఆ పూట సంఖ్యను ఇతర పూటలతో పోల్చకండి. అంత గాలిలో ఈగలు నేలకు దగ్గరగా, చాటు చూసుకుని ఎగురుతాయి. పైగా వల ఉబ్బి, కప్పు కుంగి, సీసాకు దారి వంకరపోతుంది. ఈగలు తగ్గాయా, ఉచ్చు చెడిందా అన్నది అప్పుడు తేల్చి చెప్పలేం. ప్రతి ఉదయం తాళ్లు బిగించి, వల అడుగు అంచు నేలను తాకుతున్నదో లేదో చూడడం మరవకండి.

వాన, మబ్బు

వాన కురుస్తున్నంతసేపూ పగటి ఈగలు దాదాపుగా ఎగరవు. అసలు ఆసక్తికరమైన సమయం వాన వెలిసిన తరువాత వస్తుంది. రెండు మూడు రోజులు ముసురు పట్టి, ఆ తరువాత ఎండ వచ్చిందంటే, ఆకలితో ఉన్న ఈగలన్నీ ఒక్కసారిగా కదులుతాయి. ముసురు రోజుల్లో ప్యూపాల (పిల్లదశకూ పెద్ద ఈగకూ నడుమ కదలకుండా ఉండే దశ) నుంచి వెలువడి ఆగిపోయినవి కూడా వాటిలో చేరతాయి. ఆ మొదటి ఎండ పూటను వదులుకోకూడదు, కాని దాన్ని మామూలు రోజుగా లెక్క కట్టడమూ కూడదు. పట్టికలో “ముసురు తరువాత మొదటి ఎండ” అని స్పష్టంగా రాయండి.

తడి ఆకుల మీద చేతివల విసరకండి. టాకినిడ్ ఈగలను గుర్తుపట్టేది వాటి ఒంటి మీది బిరుసు వెంట్రుకల వరుసలను, బూడిద వంటి సన్నని పొర చారలను చూసే. తడిసిన వలలో అవి అంటుకుపోయి, ఈగ చేతికి చిక్కినా పేరు చిక్కదు. ఆకులు ఆరేదాకా ఆగండి.

మబ్బులు వచ్చి పోయే రోజు పని చేసేవారిని ఎక్కువగా తికమకపెడుతుంది. ఎండ మాయమైన కొద్ది నిమిషాలకే పూల మీది ఈగలు పలచబడి, మళ్లీ ఎండ రాగానే తిరిగి వస్తాయి. అటువంటి రోజున గడియారపు గంటలకు బదులు, ఎండ కాసిన నిమిషాలను మాత్రమే కూడి, దాన్ని ఆ పూట శ్రమగా రాసుకోవచ్చు.

పసుపు పళ్ళేలు, తీపి నీళ్లు

పసుపు రంగు పళ్ళెంలో నీళ్లు పోసి, నీటి పైపొర బిగువు తగ్గేందుకు నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపితే, పూలను వెతికే ఈగలు వచ్చి వాలి మునిగిపోతాయి. ఈ ఉచ్చు ఎండ మీదనే బతుకుతుంది, నీడ పడితే పసుపు రంగు దూరానికి కనిపించదు. ఉదయం ఎండలో పెట్టిన పళ్ళెం మీదికి మధ్యాహ్నం చెట్టునీడ వస్తుందా అన్నది ముందురోజే చూసుకోండి. వానకు పళ్ళెం పొర్లి ఈగలు కొట్టుకుపోకుండా అంచుకు కొంచెం కింద చిల్లు పెట్టి, దానికి సన్నని వలగుడ్డ అతికించాలి. వేడి రోజుల్లో నీళ్లు ఇగిరిపోవడం ఒక ఇబ్బంది అయితే, అంతకంటే పెద్దది కుళ్లు. పడిన పురుగులు కుళ్లితే ఆ వాసనకు మాంసపు ఈగలు, నీలిరంగు ఈగలు గుమిగూడి, మీ సంఖ్యలను పాడుచేస్తాయి. నీళ్లలో ఉప్పు కలిపితే కుళ్లు కొంత ఆలస్యమవుతుంది. వేడి కాలంలో మాత్రం రోజూ ఖాళీ చేయడం తప్ప మరో దారి లేదు.

పూలు తక్కువగా ఉన్న కాలంలో తేనె గాని చక్కెర గాని కలిపిన నీటిని, ఎండ పడే వెడల్పాటి ఆకుల మీద చిలకరించి చూడండి. సహజమైన తీపి జిగురు అని భ్రమపడి ఈగలు వచ్చి తాగుతాయి, వాటిని చేతివలతో పట్టుకోవచ్చు. భారీ వాన ఆకుల మీది సహజ జిగురును కడిగేసిన మరునాడు ఈ ఉపాయం బాగా పని చేస్తుంది, ఎందుకంటే ఆ రోజు వాటికి వేరే తిండి సులభంగా దొరకదు.

రాత్రి తిరిగే ఈగల కోసం

పరాన్నజీవి ఈగలన్నీ పగటివే అనుకుంటే ఒక అపురూపమైన గుంపును పోగొట్టుకుంటాం. అమెరికా ఖండాలలోనూ హవాయి దీవులలోనూ ఉన్న ఓర్మియా ఒక్రేసియా అనే టాకినిడ్ ఈగ, పాడే మగ కీచురాయిని దాని పాట విని చీకట్లో కనిపెడుతుంది. గర్భంతో ఉన్న ఆడ ఈగ పాట వినవచ్చే చోటికి చేరి, కీచురాయి మీదా దాని చుట్టూ తన పిల్లపురుగులను విడుస్తుంది. దీన్ని పట్టడానికి దీపం అక్కరలేదు. కీచురాయి పాట రికార్డును చిన్న స్పీకరులో వినిపిస్తూ, దాని పైన లోపలికి రావడానికే తప్ప బయటికి పోవడానికి వీలులేని సన్నని సందు ఉన్న డబ్బా అమర్చితే చాలు. సూర్యాస్తమయానికి ముందే అంతా సిద్ధం చేసి, చీకటి పడుతుండగా పాట మొదలుపెట్టండి. చీకటి పడిన తొలి గంటలే అతి విలువైనవి.

ఇక్కడ వాతావరణం ఈగ మీదనే కాక ఎర మీద కూడా పని చేస్తుంది. చల్లని రాత్రి కీచురాళ్లు నెమ్మదిగా, వెచ్చని రాత్రి వడివడిగా పాడతాయి. అందువల్ల పాటను ఏ ఉష్ణోగ్రతలో రికార్డు చేశారో రాసి ఉంచుకుని, అదే రికార్డును, అదే బిగ్గరతో అన్ని రాత్రులూ వాడండి. దీపపు ఎరలు వాడేవారు చంద్రుణ్ని కూడా పట్టికలో చేర్చాలి. నిండు వెన్నెలలో దీపానికి వచ్చే పురుగులు తగ్గిపోవడం అందరూ చూసేదే.

పోల్చాలంటే ఉచ్చుల చోట్లు మార్చండి

మూడు చోట్లలో ఏది మెరుగో, లేదా మూడు రకాల ఉచ్చులలో ఏది మెరుగో తెలుసుకోవాలంటే వాటిని ఒకే రోజున పక్కపక్క చోట్లలో నడపాలి. సోమవారం ఒకటి, మంగళవారం మరొకటి పెడితే మీరు పోల్చేది ఉచ్చులను కాదు, సోమ మంగళవారాల వాతావరణాన్ని. మొదటి రోజు మూడు ఉచ్చులనూ మూడు చోట్ల నిలిపి, రెండో రోజు ఒక్కొక్కదాన్ని పక్కచోటికి జరిపి, మూడో రోజు మళ్లీ జరపండి. అప్పుడు ప్రతి ఉచ్చూ ప్రతి చోటా ఒక రోజు ఉన్నట్టవుతుంది. వీలైతే ఈ చక్రాన్ని మరో రెండుసార్లు తిప్పండి. ఈగలు పడని రోజును పట్టిక నుంచి తీసేయకండి. 19 డిగ్రీలు, పూర్తి మబ్బు, సున్న అనే వరుస కూడా మీ ఈగల గురించి ఒక నిజం చెబుతుంది.

పట్టిన ఈగలను ఎండ నుంచి కాపాడండి

సీసాలోని ఆల్కహాలు ఎండకు ఇగురుతుంది, అందులో మిగిలేది పలచబడిన ద్రవం. వారం పాటు వదిలేసే ఉచ్చులో సీసాను మూడింట రెండు వంతులైనా నింపండి. డిఎన్‌ఏ పరీక్ష ఉద్దేశం ఉంటే 95 శాతం ఆల్కహాలు వాడి, తీసిన వెంటనే చల్లని, చీకటి చోటికి చేర్చండి. ఆల్కహాలు త్వరగా అంటుకునే ద్రవం కనుక ఎండలో నిలిపిన వాహనంలో దాన్ని ఉంచకూడదు. చేతివలతో పట్టి సీసాలో చంపే ఈగలకు వేడి రోజున మరో చిక్కు ఉంది: గాజు గోడల మీద చెమ్మ పట్టి వెంట్రుకలు తడుస్తాయి. సీసాలో పీల్చుడు కాగితం ముక్కలు వేసి, గంటకొకసారి మార్చండి.

ఇంటికి చేరిన రోజే, ఈగలకు సూదులు గుచ్చేటప్పుడే చీటీలు రాయండి. చోటు, తేదీ అందరూ రాస్తారు. మీరు వాటి కింద మరో వరుస చేర్చి, సూర్యోదయం తరువాత ఎన్నో గంట, ఎంత వేడి, ఎంత మబ్బు, ఎంత గాలి అన్నది రాసి, ఆ చీటీని ఈగతో పాటు అదే సూదికి గుచ్చండి.